మందు మానడానికి మందు: ఇది మానినట్టా, కాదా?

వెన్నెలవాకిలి

మా ఇంట్లో నాలుగు నెలలుగా ఇదే గొడవ. మీరే తేల్చండి.

మావారు పదిహేడేళ్ళు తాగారు. మానేస్తానని ఒట్టు పెట్టడం, మూడు వారాలు ఉండటం, మళ్ళీ మొదలుపెట్టడం. ఎన్నిసార్లో లెక్కపెట్టడం కూడా మానేశాను. ఈసారి నేను అడక్కుండానే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళి తాగుడు తగ్గించే నాల్ట్రెక్సోన్ అనే మాత్ర రాయించుకున్నారు. 50 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ఈ నాలుగు నెలల్లో రెండుసార్లు తాగారు. దాచను. కానీ రెండుసార్లూ రెండో గ్లాసు సగంలో వదిలేసి లేచారు. ఆయన గ్లాసులో మందు మిగలడం పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదలు. పారబోయడానికి కూడా చెయ్యి రాక కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

మా బావగారు ఎనిమిదేళ్ళ క్రితం ఒక్కరోజులో మానేసిన మనిషి. మాత్రా లేదు, డాక్టరూ లేడు. ఆయన అనేది ఇదీ: "మాత్ర మింగి మానడం మానడమేంటి? ఆ మందు పోయి ఈ మందు వచ్చింది, అంతే. దమ్ముంటే ఏదీ లేకుండా ఉండమను." ఆ మాట విన్నప్పటి నుంచి మావారు మాత్ర వేసుకునేటప్పుడు గది తలుపు వేసుకుంటున్నారు. తాగే రోజుల్లో కూడా ఆయన తలుపు వేసుకోలేదండీ.

బావగారి మాటలో న్యాయం ఉందా?

పదకొండేళ్ళు

నేను మీ బావగారి వైపే. తిట్టుకోకుండా చివరిదాకా చదవండి.

నేను చుక్క ముట్టి పదకొండేళ్ళు దాటింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులే నన్ను నిలబెట్టాయి. నాకు అక్కడ తెలిసిందేమిటంటే, సీసా నా రోగంలో చిన్న ముక్క మాత్రమే. అబద్ధం, అప్పు, తప్పు ఎదుటివాడి మీదకి నెట్టడం, ఇదంతా కలిసి నా తాగుడు. మాత్ర ఆబను తగ్గిస్తుందేమో, నా అబద్ధాలను ఎవరు తగ్గిస్తారు? మాత్రలు వాడినవాళ్ళను మా గ్రూపులో చాలామందిని చూశాను. మాత్ర ఉంది కదా అని ముందు మీటింగులకి రావడం మానేస్తారు. నాలుగు నెలలు బాగుంటారు. తర్వాత "బాగానే ఉన్నాను కదా" అని మాత్రా మానేస్తారు. ఆ తర్వాతి కథ మీకు నేను చెప్పాలా.

ఇది నా అనుభవం ఒక్కటే కాదు. 2020లో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 27 అధ్యయనాలు, 10,565 మందిని కలిపి చూశారు. పూర్తిగా మానేసి అలాగే ఉండే విషయంలో, ఏఏలోకి పద్ధతిగా దారి చూపించే చికిత్స మిగతా కౌన్సెలింగుల కంటే మెరుగని తేలింది.

మాత్రలకొట్టు

మందులు ఇవ్వడమే నా పని కాబట్టి నా మాట పక్షపాతం అనుకుంటే అనుకోండి.

ముందు పదకొండేళ్ళు గారికి. మీరు చెప్పిన కాక్రేన్ సమీక్ష నిజమే. కానీ అది ఎక్కువగా ఒక మాటల చికిత్సను ఇంకో మాటల చికిత్సతో పోల్చింది. మాత్ర గెలిచిందా మీటింగు గెలిచిందా అని అది తేల్చలేదు.

ఇప్పుడు "ఆ మందు పోయి ఈ మందు" అన్న మాట. తెలుగులో రెండింటికీ ఒకే పేరు ఉండటం మన ఖర్మ. నాల్ట్రెక్సోన్ మత్తు ఇవ్వదు, అలవాటు కాదు, ఆపేస్తే వణుకు రాదు. తాగినప్పుడు మెదడులో "ఆహా" అనిపించే రసాయనాలు వెళ్ళి అతుక్కునే చోటు ఉంటుంది. ఈ మాత్ర ముందే వెళ్ళి ఆ సీట్లో కూర్చుంటుంది. తాగినా ఆ మజా తగ్గిపోతుంది. వెన్నెలవాకిలి గారూ, గ్లాసు సగంలో ఆగింది అందుకే. అకాంప్రోసేట్ అని ఇంకోటుంది. దాని దారి వేరు. మానేశాక మెదడు వారాల తరబడి గింజుకుంటుందే, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, దాన్ని సర్దుతుందని భావిస్తారు. దానితో తిప్పలేమిటంటే పూటకి రెండు చొప్పున రోజుకి ఆరు మాత్రలు. సగం మంది మధ్యాహ్నం డోసు మర్చిపోయి నా దగ్గరికి వచ్చి తల గోక్కుంటారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి అది పనికిరాదు. నాల్ట్రెక్సోన్‌కి లివర్ చూసుకోవాలి.

పనిచేస్తాయా? 2023లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 118 ప్రయోగాలను, సుమారు 21 వేల మందిని కలిపి చూసింది. అకాంప్రోసేట్ 11 మందికి ఇస్తే, మందు లేని ఒట్టి మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరు మళ్ళీ తాగకుండా ఉన్నారు. నాల్ట్రెక్సోన్ 50తో అయితే 18 మందికి ఒకరు. విపరీతంగా తాగే స్థితికి మళ్ళీ పోకుండా ఆపడంలో మాత్రం నాల్ట్రెక్సోన్‌దీ 11 మందికి ఒకరు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఇక బావగారి "ఒక్కరోజులో మానేశాను" కథ. ఆయన బతికి బట్టకట్టారు, సంతోషం. దాన్ని సలహాగా మాత్రం పంచొద్దని ఆయనకి చెప్పండి. రోజూ ఎక్కువగా తాగే మనిషి టక్కున ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య లేనివి కనబడటం, ఒళ్ళు కాలిపోవడం, ఎవరు ఎవరో తెలియకపోవడం. దానితో ప్రాణం పోయినవాళ్ళున్నారు. ఆ నాలుగు రోజులు డాక్టరు చూపులో ఉండాలి, విటమిన్ బి1 పడాలి. పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్ళు దమ్ము చూపించుకునే చోటు కాదిది.

ఎదురుప్రశ్న

పదకొండు మందిలో ఒకరికా! మిగతా పదిమంది ఊరికే మింగినట్టేగా? ఈ మాత్రం దానికి ఇంత ఆర్భాటమా.

మాత్రలకొట్టు

ఆ పదిమందిలో కొందరు మాత్ర లేకపోయినా మానేసేవాళ్ళే. కొందరు మానకపోయినా తగ్గిస్తారు. ఆ పదకొండుకి ఒకరు అనేది మాత్ర వల్లనే దక్కిన మనిషి లెక్క. మీరు రోజూ మింగే బీపీ మాత్రకి ఈ లెక్క ఎంతో ఎప్పుడైనా అడిగారా? అడగరు. అక్కడ ఎవరూ దమ్ము గురించి మాట్లాడరు కాబట్టి.

తెల్లకాగితం

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నాకు ఇచ్చింది డైసల్ఫిరామ్. "ఇచ్చింది" అంటే నాకు తెలియకుండా. మా అమ్మా, నా భార్యా కలిసి పొడి చేసి భోజనంలో కలిపేవాళ్ళు. ఎవరో తెలిసినవాళ్ళు చెప్పారట, రంగు తెలియదు, రుచి తెలియదు, తాగితే వాంతులవుతాయి, దెబ్బకి మానేస్తాడు అని.

ఒక సాయంత్రం స్నేహితుడి గదిలో ఒక్క పెగ్గు వేశాను. పావుగంట అయిందో లేదో మెడ మీద ఎవరో వేడినీళ్ళు పోసినట్టయింది. అద్దంలో చూసుకుంటే మొహం, చెవులు, ఛాతీ దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తర్వాత వాంతులు. నేల మీద కూర్చుంటే లేవలేకపోయాను. గుండెపోటే అనుకున్నాను. ఆసుపత్రిలో డాక్టరు "ఏమైనా మాత్రలు వాడుతున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. నిజమే చెప్పాననుకున్నాను. బయట బెంచీ మీద మా అమ్మ కూర్చుని ఉంది, ఆవిడ నోరు విప్పలేదు.

బీపీ బాగా పడిపోయిందట ఆ రాత్రి. బతికాను. నాలుగో రోజు నా భార్య ఏడుస్తూ చెప్పింది. ఆ కోపంతో ఇంకా ఎక్కువ తాగాను, ఇంట్లో తిండి మానేసి మరీ తాగాను. దాదాపు రెండేళ్ళు.

తర్వాత నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళి అదే మాత్ర అడిగాను. అదే డైసల్ఫిరామ్. ఆయన ఒక మాట చెప్పాడు, అప్పుడు అర్థమైంది నాకు మా ఇంట్లో జరిగిన తెలివితక్కువ పని. ఈ మాత్ర తాగాలన్న కోరికను తగ్గించదట. తాగితే ఇలా అవుతుంది అన్న భయమే దాని పని అంతా. ఎవరికి ఏ మాత్ర పడిందో తెలియకుండా చేసే పరీక్షల్లో దీనికి పెద్ద తేడా కనబడదట. ఎందుకంటే ఒట్టి మాత్ర మింగినవాడూ అంతే భయపడతాడు. అంటే మింగుతున్న సంగతి తెలియనివాడికి అది మందే కాదు, ఒట్టి దెబ్బ.

ఇప్పుడు రోజూ పొద్దున నా భార్య ముందు నిలబడి వేసుకుంటాను. ఆవిడ అడగదు, నేనే పిలుస్తాను. సాయంత్రం బలహీనపడే మనిషిని నేను. పొద్దున గట్టిగా ఉంటాను. పొద్దుటి నేను సాయంత్రపు నా కాళ్ళు కట్టేసి వెళ్తాడన్నమాట. వెన్నెలవాకిలి గారూ, దీన్ని దమ్ము లేకపోవడం అంటారో ఇంకేమంటారో మీ బావగారే చెప్పాలి.

మాత్రలకొట్టు

తెల్లకాగితం గారు రాసింది అచ్చు తీసి గోడకి అంటించాలి. నా కౌంటర్ దగ్గరికి వారానికి ఒక్కరైనా వస్తారు, "తెలియకుండా కలిపేది ఇవ్వండి" అని. తల్లులు, భార్యలు. కోప్పడలేను, ఇవ్వనూ లేను.

తాగిన తర్వాత కనీసం పన్నెండు గంటలు గడవందే డైసల్ఫిరామ్ మొదటి మాత్ర వేయకూడదు. మాత్ర మానేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం. లివర్‌ని దెబ్బతీసిన కేసులున్నాయి. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్, మౌత్‌వాష్ కూడా పడవు. ఇవేవీ తెలియని మనిషికి రహస్యంగా పెట్టడమంటే కళ్ళకి గంతలు కట్టి రోడ్డు మీద వదిలేయడమే.

ఒక ముచ్చట. ఈ పదార్థాన్ని అంతకుముందు వాడింది రబ్బరు పరిశ్రమలో. 1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్ అనే ఇద్దరు దీన్ని కడుపులో పురుగులకి మందుగా పనికొస్తుందేమోనని తామే మింగి చూశారు. తర్వాత మామూలుగా తాగబోతే ఒళ్ళు తిరగేసింది. అలా బయటపడింది. వాళ్ళు కూడా తెలిసే మింగారు చూశారా.

గంటముందు

ఇంతమందిలో నేను ఒక్కణ్ణే ఇంకా తాగుతున్నట్టున్నాను. నేను నాల్ట్రెక్సోన్ రోజూ వేసుకోను. తాగబోయే గంట ముందు మాత్రమే. ఫిన్లాండ్‌లో పనిచేసిన జాన్ డేవిడ్ సింక్లెయిర్ అనే శాస్త్రవేత్త చెప్పిన దారి ఇది. మజా లేకుండా పదేపదే తాగితే మెదడే ఆ అలవాటును మర్చిపోతుందని ఆయన వాదన. మా డాక్టరు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను. ఏడాదిలో వారానికి ఆరు రోజుల నుంచి ఒక రోజుకి వచ్చాను. పూర్తిగా మానాలన్న తొందర నాకు లేదు.

పదకొండేళ్ళు

క్షమించాలి, ఇది ప్రమాదకరమైన రాత. మానాలనుకునే కుర్రాడు ఇది చదివి "ఓహో, తాగుతూనే మానొచ్చు" అనుకుంటాడు. నేను "ఒక్కటే" అనుకున్న ప్రతిసారీ ఎక్కడ తేలానో నాకు తెలుసు. నిజం చెప్పండి, మాత్ర వేసుకోకుండా తాగిన రోజు ఒక్కటీ లేదా?

గంటముందు

రెండు రోజులున్నాయి. కావాలనే వేసుకోలేదు. మజా కావాలనిపించింది. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, మా డాక్టరుకి కూడా చెప్పలేదు ఇది.

పదకొండేళ్ళు

చెప్పారు చూడండి, దానికి నమస్కారం. ముందు ఆ డాక్టరుకి చెప్పండి.

తెల్లకాగితం గారి రాత మూడుసార్లు చదివాను. నేను ఒక మాట వెనక్కి తీసుకోవాలి. మా గ్రూపులో ఒకాయన మాత్రలు వాడుతున్నానంటే "అయితే నువ్వు ఇంకా మానలేదన్నమాట" అన్నాను, అందరి ముందు. మందుల విషయంలో సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదని ఏఏ చిన్న పుస్తకంలోనే ఉంది. అది తెలిసీ అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. మాత్ర ఒక్కటే చాలదని ఇప్పటికీ అంటాను, మీటింగు కావాలి, మాట్లాడే మనిషి కావాలి. కానీ ఆయన రాకపోవడానికి కారణం మాత్ర కాదు, నేను.

ఎదురుప్రశ్న

అయితే ఎప్పటిదాకా మింగాలి? చచ్చేదాకానా? అది చెప్పరేం.

మాత్రలకొట్టు

సాధారణంగా ఆరు నెలలు, ఏడాది ఇచ్చి చూస్తారు. కొందరికి ఇంకా ఎక్కువ. ఆపడం కూడా డాక్టరుతో కూర్చుని తేల్చుకునేదే. "బాగానే ఉన్నాను కదా" అని సొంతంగా ఆపేస్తే ఏమవుతుందో పైన పదకొండేళ్ళు గారే రాశారు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే.

వెన్నెలవాకిలి

అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇదంతా మావారికి చదివి వినిపించాను. తెల్లకాగితం గారిది అయ్యేసరికి మాట్లాడలేదు. కాసేపటికి "నాకు ఎప్పుడైనా కలిపావా?" అని అడిగారు. లేదన్నాను. కొనాలని ఒకసారి షాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చానని కూడా చెప్పాను. అది కూడా చెప్పాలనిపించింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పొద్దున తలుపు తీసే ఉంచారు.

బావగారికి ఇది చూపించే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

మాత్రలకొట్టు గారూ, ఒక సందేహం. వచ్చే నెల మావారికి మోకాలి ఆపరేషన్ ఉంది. ఆ సర్జన్‌కి ఈ మాత్ర సంగతి చెప్పలేదు, మొహమాటం. చెప్పకపోతే ఏమైనా అవుతుందా?

మాత్రలకొట్టు

అమ్మా, ఇవాళే చెప్పించండి. ఆపరేషన్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులూ నాల్ట్రెక్సోన్ కూర్చున్న ఆ సీట్లోకే రావాలి. సీటు ఖాళీ లేకపోతే నొప్పి తగ్గదు. తగ్గట్లేదని డోసు పెంచుకుంటూ పోతే అదింకో ప్రమాదం. మామూలుగా మాత్రలైతే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఎప్పుడు ఆపాలి, ఆ రోజుల్లో తాగుడు మీదకి మనసు పోకుండా ఏం చేయాలి అన్నది సైకియాట్రిస్టూ, మత్తు ఇచ్చే డాక్టరూ మాట్లాడుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఆ నొప్పి మందులు ఆగి వారం, పది రోజులు గడిచాకే మళ్ళీ మొదలు. తొందరపడి ముందే వేసుకుంటే ఒళ్ళంతా గింజుకుపోతుంది. మాత్ర పేరు, డోసు ఒక చీటీ మీద రాసి ఆయన పర్సులో పెట్టండి.

పదకొండేళ్ళు

ఆ మాత్ర లేని రోజుల్లో రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టమనండి. నాకెలాగూ నిద్ర తక్కువ.