ఏఎన్-32 సరకు విమానం గురించి తెలిసినవారు చెప్పండి

కోటిపల్లి రేవు:
2024 మార్చి 18న అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన ఏఎన్-32 దిగి, మళ్లీ లేచింది కదా, ఆ వీడియో మా అబ్బాయి రోజూ చూస్తున్నాడు. ఇంజిన్లు రెక్కల కింద కాకుండా పైన ఎందుకున్నాయి, మన దేశానికి ఎప్పుడు వచ్చింది, అంతకు ముందు ఏ విమానాలు నడిపేవారు, దీన్ని ఎప్పుడు పక్కన పెడతారు అని ఒకటే ప్రశ్నలు. నాకు కొబ్బరి ధర తప్ప ఏమీ తెలియదు. తెలిసిన పెద్దలు చెప్పగలరు.

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
సరైన చోటే అడిగారు. ఆ ఇంజిన్లు విప్పి బిగించిన చేతులివి, కాబట్టి ఇంటర్నెట్టు చూసి ఎవరూ నన్ను సరిదిద్దనక్కరలేదు. దీని ముందు ఏఎన్-26 అని ఒకటుంది. దాని ఇంజిన్ బలం ఒక్కొక్కటి 2,800 హార్స్‌పవర్ చిల్లర. అది మైదానాలకు సరిపోతుంది. లేహ్ విమానాశ్రయం 10,600 అడుగుల పైన ఉంటుంది. వేసవి మధ్యాహ్నం అక్కడ గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు దొరకదు. అందుకని దాదాపు అదే ఒడ్డూ పొడవూ ఉన్న విమానానికి ఒక్కొక్కటి 5,000 హార్స్‌పవర్ దాటే ఏఐ-20 ఇంజిన్లు పెట్టారు. అంత బలాన్ని వాడుకోవాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి. దాని వ్యాసం 4.7 మీటర్లు. ఇంజిన్‌ను రెక్క కింద వేలాడదీస్తే అంత ప్రొపెల్లర్‌కు చోటు చాలదు. అందుకే పైకెక్కించారు. మట్టి రన్‌వే మీద రాళ్లు ఎగిరి ఇంజిన్‌లోకి పోయే బెడద కూడా తగ్గింది. తొలిసారి ఎగిరింది 1976 జూలైలో. మనకు 1984 నుంచి వచ్చాయి. వందకు పైగా కొన్నాం. మనవాళ్లు పెట్టుకున్న పేరు 'సట్లెజ్'.

లంక రైతు:
ఇంజిన్ సంగతి మీరు చూసుకోండి. నా మటుకు నాకు ఇది అన్నం పెట్టిన విమానం. 1986 ఆగస్టు వరదలో మా లంకంతా మునిగి ఊరు ఊరంతా బడి డాబా మీద ఉన్నాం. పిల్లలం ఆకలికి ఏడ్చి ఏడ్చి అలసిపోయాక పెద్ద శబ్దంతో విమానం వచ్చి ఆహార పొట్లాలు వదిలింది. ఈ ఏఎన్-32యే. రెక్కల మీద రెండు పంకాలు నా కళ్లారా చూశాను.

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
అయ్యా, అది హెలికాప్టర్ అయి ఉంటుంది. ఏఎన్-32 ఎంత నెమ్మదించినా గంటకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మీ లంక ఎంత వెడల్పు? ఇటు గోదావరి, అటు గోదావరి. ఆ వేగంలో వదిలిన పొట్లం డాబా మీద పడుతుందా, ఏటిలో పడుతుందా?

లంక రైతు:
సగం ఏటిలోనే పడ్డాయి! అదే కదా నేను చెప్పేది. హెలికాప్టర్లు మర్నాడు వచ్చాయి. విమానానికీ హెలికాప్టర్‌కూ తేడా తెలియని వాణ్ణి కాను. గ్యాస్ రిగ్గులకు వెళ్లే హెలికాప్టర్లు మా నెత్తి మీదుగానే పోతాయి.

యానాం గాలి:
ఫిట్టర్ గారు రష్యా విమానాన్ని ఇంత బాగా వర్ణించారు, మరి రష్యా పేరు ఒక్కసారైనా ఎత్తలేదేమిటి?

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
ఎత్తనిది అందుకే. ఆంటొనోవ్ సంస్థ ఉన్నది కీవ్‌లో, విమానం తయారైంది కీవ్‌లో, ఇంజిన్ వచ్చింది జపరోజియా నుంచి. రెండూ ఉక్రెయిన్‌వే.

యానాం గాలి:
అప్పుడు ఉక్రెయిన్ అనే దేశమే లేదు, సోవియట్ యూనియన్ ఉంది. సంస్థ 1946లో మొదలైంది సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో, కీవ్‌కు తరలింది 1952లో. ఆంటొనోవ్ పుట్టిందీ మాస్కో దగ్గరే. ఇంజిన్ విప్పినంత మాత్రాన చరిత్ర రాదండి.

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
ఆధునికీకరణకు 2009లో ఒప్పందం ఎవరితో చేసుకున్నారు? ఉక్రెయిన్‌తో. నలభై విమానాలు అక్కడ, మిగిలినవి కాన్పూరులోని మన వాయుసేన డిపోలో అనుకున్నారు. తర్వాత అక్కడ గొడవలు మొదలై విడిభాగాలకు తిప్పలు పడింది మా తరవాతి పిల్లలు. కుర్చీలో కూర్చుని మాస్కో అనడం తేలిక.

నరసాపురం లేసు:
హార్స్‌పవర్లూ కీవ్‌లూ అయ్యాయా? 2016 జూలై 22 ఒక్కరికైనా గుర్తుందా? తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళుతూ బంగాళాఖాతం మీద మాయమైంది ఈ విమానమే. 29 మంది. అందులో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు, సైనికులు కూడా కారు. అప్పుడు మేము విశాఖలోనే ఉండేవాళ్లం. మా వారు ఆ వారమంతా భోజనం సరిగ్గా చేయలేదు. శకలాలు సముద్రం అడుగున కనబడింది 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. ఏడున్నరేళ్లు ఆ ఇళ్లవాళ్లు ఎలా గడిపారో ఊహించుకోండి. పిల్లవాడికి వీడియో చూపించేటప్పుడు ఇది కూడా చెప్పండి.

ధవళేశ్వరం గట్టు:
1986 మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆగస్టు 16న ఆనకట్ట దగ్గర 35.06 లక్షల క్యూసెక్కులు. ఈ రోజుకీ అదే రికార్డు. 2022 జూలైలో అందరూ భయపడిన వరద కూడా 25 లక్షల చిల్లర దగ్గర ఆగింది. అంత నీటిలో ఆ రోజు ఎవరు ఏ విమానం చూశారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

లంక రైతు:
మీరు గట్టు మీద ఉండి లెక్కలు రాశారు, మేము గట్టు లోపల ఉన్నాం. తేడా ఉంది.

పాత ప్యాకెట్, మండపేట:
ఫిట్టర్ గారి మీద నాకు గౌరవమే గానీ, సరకు జారవిడవడం గురించి ఆయన చెప్పింది సగమే. మా నాన్నగారు ఈశాన్యంలో ఆ పనే చేశారు. కొండ ఊళ్లకు బియ్యం పారాచూట్ లేకుండానే వేసేవారు. బస్తాలో బస్తా పెట్టి, లోపలిదాన్ని వదులుగా నింపేవారు. నేల తగిలి లోపలిది చిరిగినా పైది గింజలను ఆపుతుంది. డాకోటా విమానం తలుపు దగ్గర నిలబడి కాళ్లతో నెట్టేవారట. తర్వాత ప్యాకెట్ విమానాలు వచ్చాయి. వాటికి కొండల మీద బలం చాలక వీపు మీద ఒక జెట్ ఇంజిన్ బిగించారు మనవాళ్లు. పిల్లవాడు అడిగిన 'అంతకు ముందు' ఇదే: డాకోటా, ప్యాకెట్, కారిబూ, నాలుగు ఇంజిన్ల ఏఎన్-12. లద్దాఖ్‌లో 16,600 అడుగుల పైన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో ప్యాకెట్ 1962లోనే దిగింది. 1965 తర్వాత ఆగిపోయి, అక్కడ మళ్లీ విమానాలు దిగడానికి 43 ఏళ్లు పట్టింది. 2008 మే 31న దిగింది ఏఎన్-32. ఆ ఒక్క దానికీ దీనికి దండం పెట్టవచ్చు.

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
బియ్యం బస్తా వేరు, పులిహోర పొట్లం వేరు. ఏఎన్-32 వెనక తలుపు ముందుకు జరిగి పొట్ట కిందికి పోతుంది, అప్పుడు సరకు దొర్లుకుంటూ బయటికి వస్తుంది. ఆ పద్ధతి తెలిసినవారెవరూ డాబా మీదికి పులిహోర వేయరు.

లంక రైతు:
పులిహోర అని నేను ఎక్కడ అన్నాను? పైన వెతికి చూపించండి. రొట్టెలు, అటుకులు. మీరే కల్పించి మీరే ఖండిస్తున్నారు.

ద్రాక్షారామం విద్యార్థి:
పెద్దలకు నమస్కారం. దీని బదులు సీ-295 వచ్చేసింది కదండీ? వడోదరలో టాటా వారు తయారు చేస్తున్నారని చదివాను.

మాజీ ఫిట్టర్, సామర్లకోట:
కాదు నాయనా. 2021 సెప్టెంబరులో ఒప్పందం చేసుకున్న 56 సీ-295లు ఆవ్రో అనే పాత రవాణా విమానాల బదులు. పదహారు స్పెయిన్ నుంచి, నలభై వడోదరలో. ఏఎన్-32 స్థానంలోకి 18 నుంచి 30 టన్నులు మోసే పెద్ద విమానం కోసం వాయుసేన వెతుకుతోంది. అమెరికా వారి హెర్క్యులిస్ పేరు, బ్రెజిల్ వారి జెట్ పేరు వినబడుతున్నాయి. ఇది మోసేది ఆరున్నర టన్నుల చిల్లరే, అయినా ఇంత కాలం నెట్టుకొచ్చింది. 2019 గణతంత్ర దినాన అడవి ఆముదం నూనె నుంచి తీసిన ఇంధనం కలుపుకొని ఎగిరింది కూడా.

యానాం గాలి:
అడవి ఆముదం అంటే గుర్తొచ్చింది, ఒకప్పుడు మా బంధువులు మెట్టలో నాలుగెకరాలు వేసి నిలువునా మునిగారు. కొనేవాడు లేడు. విమానానికి పోస్తారని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

నరసాపురం లేసు:
నేను రాసినదానికి ఒక్కరూ జవాబివ్వలేదు. ఆముదానికి మాత్రం ఇచ్చారు.

పాత ప్యాకెట్, మండపేట:
అమ్మా, ఏమని జవాబివ్వమంటారు. 1968 ఫిబ్రవరిలో రోహతాంగ్ దగ్గర ఏఎన్-12 కూలితే అందులోని 102 మందిలో నలుగురి అవశేషాలు 2024లో దొరికాయి. ఆ విమానంలో మా నాన్నగారి స్నేహితుడు ఒకరున్నారు. మీ మాట చదివాను.

కోటిపల్లి రేవు:
అందరికీ ధన్యవాదాలు. ఇంజిన్ల సంగతి అబ్బాయికి అర్థమైంది. ఇప్పుడు 35 లక్షల క్యూసెక్కులంటే మా ఊరి మంచినీళ్ల ట్యాంకు ఎంత సేపట్లో నిండుతుందని అడుగుతున్నాడు.

ధవళేశ్వరం గట్టు:
సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులు. ట్యాంకు ఎన్ని లీటర్లదో కనుక్కుని రాయండి, లెక్క వేసి పెడతాను.

లంక రైతు:
రొట్టెలు, అటుకులు. ఫిట్టర్ గారు ఇంకా జవాబు చెప్పలేదు.