దీనార టంకాల... స్నానమా, తీర్థమా?

నాణేలపెట్టె: మెటల్ డిటెక్టర్‌తో దొరికిన పాత నాణేలు డిస్టిల్డ్ వాటర్‌లో నానుతున్నాయి. నీళ్లు మార్చినప్పుడల్లా, కనకాభిషేకం గురించి శ్రీనాథుడు చెప్పిన సీసపద్యం నోట్లో ఆడుతోంది. 'దీనార టంకాల' తర్వాత స్నానమాడించితి అనా, తీర్థమాడించితి అనా? ఆ టంకం అనే నాణెం ఏ లోహం? నా దగ్గరున్నవాటిలో ఒకటి వెండిది, మిగతావి రాగివి.

యతిప్రియ: తీర్థమేనండీ. దీనార, టంకాల, దీర్థమా, డించితి అని గణాలు విడగొట్టి చూడండి. మూడో గణం మొదట్లో యతి పడాలి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. 'దీ'కి 'స్నా' ఎలా కుదురుతుంది?

ద్రుతం: మీరు 'దీర్థ' అని రాశారు, ఆయన 'తీర్థ' అని అడిగారు. అసలు పేచీ అక్కడే. టంకాలన్ అని చివర ద్రుతం (నకారం) ఉంటేనే తకారం దకారమవుతుంది, అప్పుడు 'టంకాలతో' అని అర్థం. ద్రుతం లేకుండా షష్ఠిగా ('టంకాల యొక్క' అని) చదివితే టంకాలే తీర్థం. నాణేలే నీళ్లయి పారాయన్నమాట. నా ఓటు దీనికే.

యతిప్రియ: తకారానికీ దకారానికీ యతి చెల్లుతుంది కాబట్టి ఛందస్సు దీన్ని తేల్చదు, ఒప్పుకుంటాను. కానీ ఆడించితి అన్నాక దేనితో అని చెప్పాలిగా? తకారం దకారమయ్యే సరళాదేశం ఉండాల్సిందే.

వెండికొండ: టంకం సంగతి వదిలేశారు. 13వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ ముద్రించిన టంకా వెండిది, బరువు సుమారు 11 గ్రాములు. దీనారం మాటకు మూలమైన రోమన్ డెనారియస్ కూడా వెండిదే, కాకపోతే గుప్తుల నాటికి మన దగ్గర దీనారం బంగారు నాణెం. 'దీనార టంకాలు' ద్వంద్వ సమాసమైతే (దీనారాలూ టంకాలూ అని) ఆ అభిషేకంలో వెండి కూడా కలిసి ఉండాలి. నేను ద్వంద్వమే అంటాను.

యతిప్రియ: కనకాభిషేకం అని ఇన్ని తరాలుగా చెప్పుకుంటున్నాం. దీనారం విశేషణం, టంకం విశేష్యం. వెండి ఎక్కడిది?

అరసున్న: బంగారమైతే నీళ్లు చాలు, దానికి ఏమీ పట్టదు. వెండి మీది నలుపు సల్ఫైడ్. అల్యూమినియం ఫాయిల్ మీద పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే చాలావరకు పోతుంది. అయినా పల్లాల్లోని నలుపు ఉంటేనే అక్షరాలు తేలికగా చదవగలం, మొత్తం తియ్యకండి. రాగివాటికి నిమ్మరసం, వెనిగర్ దయచేసి తగలనివ్వకండి. నున్నగా, గట్టిగా పట్టిన పచ్చని చిలుమే ఆ నాణేన్ని ఇన్నాళ్లూ కాపాడింది. ముట్టుకుంటే పొడిగా రాలే లేత పచ్చ మాత్రం వేరు, అది క్లోరైడ్ పని. తేమ తగిలిన కొద్దీ నాణేన్ని తినేస్తుంది. దాన్ని సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో వారాల తరబడి నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తేమ లేనిచోట దాచాలి.

ద్రుతం: చిలుమా, కిలుమా?

అరసున్న: చిలుమే. కన్నడంలో కిలుబు. వాళ్ల కివి మనకు చెవి, వాళ్ల కెరె మనకు చెరువు. కిలుబు కూడా అలాగే చిలుము కావాలి. కిలుము పొరుగు నుంచి తర్వాత వచ్చి ఉంటుందని నా ఊహ.

ద్రుతం: తమిళంలో కళింబు. కకారం తర్వాత అకారం ఉంది చూడండి. ఇ, ఎ లాంటి అచ్చు ముందున్న కకారమే చకారమవుతుంది. మూలంలో అకారం ఉంటే మీ సూత్రం పనిచేయదు.

అరసున్న: అకారమే మూలమని ఎవరన్నారు? ఇకారమే పాతదై, తమిళంలో మారి ఉండవచ్చు కదా.

వెండికొండ: రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఒక మనవి. ఉంచాల్సిన గట్టి పొర కిలుము, రాలే పొడి చిలుము అనుకుందాం. నాణేలవాళ్లకు ఈ తేడా చాలా అవసరం.

యతిప్రియ: నిఘంటువులో లేని తేడా మనం పుట్టించకూడదు. రాగి, కంచు అంటే గుర్తొచ్చింది, అదే సీసం మూడో పాదంలో గౌడ డిండిమభట్టు అనే పండితుడి కంచుఢక్క పగులుతుంది. మొదటి పాదంలో నాణేల గలగల, మూడో పాదంలో కంచు మోత. రెండు లోహాల చప్పుడూ ఒకే పద్యంలో వినిపించాడు మహానుభావుడు.

నాణేలపెట్టె: చాలా సంతోషం. తీర్థమని ఖాయం చేసుకున్నాను, రాగివాటికి నిమ్మరసం తగలనివ్వను. మరి టంకం?

వెండికొండ: ద్వంద్వమేనండీ.

ద్రుతం: ముందు 'దీ' సంగతి తేలాలి. 'పగులగొట్టించితి' దగ్గర కూడా తి తర్వాత వి ('నువ్వు' అని చెప్పేది) పోయింది. దాన్ని 'ని' ('నేను' అని చెప్పేది) అనుకుని, కవే తన గురించి చెప్పుకున్నాడని చదివేవాళ్లున్నారు. అదీ మాట్లాడుకుందాం.