రికార్డులన్నిటిలోనూ ఒకే జవాబు: ప్రయోగాన్ని ఎలా మార్చాలి?

ప్రశ్న:
నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. లఘులోలకంతో (దారానికి వేలాడదీసిన చిన్న గోళంతో) గురుత్వ త్వరణాన్ని కనుగొనే ప్రయోగం చేయించిన ప్రతిసారీ రికార్డులన్నిటిలోనూ 9.8 అనే విలువే కనిపిస్తోంది. లోలకాన్ని తిన్నగా ఊపలేకపోయిన వారికి కూడా అదే వచ్చింది! పుస్తకంలోని జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి పట్టిక నింపుతున్నారని అర్థమైంది. పిల్లలను మందలించే బదులు ప్రయోగాన్నే మార్చాలని ఉంది. సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
జవాబు ముందే తెలిసిన పని ఇచ్చినంతకాలం ఇది తప్పదండీ. గోళం బరువు పెంచితే డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ పూర్తిగా ఊగి రావడానికి, పట్టే సమయం మారుతుందా అని అడిగి, పరికరాన్ని ముట్టుకోకముందే ప్రతి విద్యార్థి చేతా తన ఊహను, దానికి కారణాన్ని రాయించండి. ఊహ తప్పిన విద్యార్థే ఆ తర్వాత శ్రద్ధగా కొలుస్తాడని నా అనుభవం. అయితే ఒక జాగ్రత్త అవసరం. పెద్ద గోళం కడితే దాని కేంద్రం కిందికి జరుగుతుంది కనుక, దారాన్ని సరిచేసి పొడవును కేంద్రం వరకు కొలవకపోతే, పొడవు వల్ల వచ్చిన తేడాను బరువుకు అంటగడతారు.

రెండవ జవాబు:
నేనైతే దోషాల నుంచే పాఠం మొదలుపెడతాను. ఒక మీటరు లోలకానికి ఒక డోలనం దాదాపు 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే అది పదో వంతు దోషం. సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది కాబట్టి త్వరణంలో ఆ దోషం సుమారు రెట్టింపవుతుంది. అదే 20 డోలనాలు లెక్కిస్తే ఆ 0.2 సెకను 40 సెకన్లలో పడి, దోషం అర శాతానికి తగ్గుతుంది. ఈ రెండు పద్ధతులనూ పిల్లల చేత చేయించి పోల్చమనండి. మార్కులు కూడా విలువకు కాక, దోషాన్ని వివరించిన తీరుకు వేస్తే, 9.4 వచ్చినవాడు దాన్ని దిద్దుకోవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కానీ నలభై మందికి మా దగ్గర ఐదు స్టాండ్లే ఉన్నాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
స్టాండు లేకున్నా బల్ల అంచుకు దారం కట్టి, చివర చిన్న రాయి వేలాడదీయవచ్చు. ఒక్కో జట్టుకు ఒక్కో పొడవు ఇచ్చి, అన్ని జట్ల కొలతలనూ నల్లబల్లపై ఒకే గ్రాఫులో గుర్తించండి. పొడవుకు ఎదురుగా కాలం వర్గాన్ని గీస్తే సరళరేఖ రావాలి. రేఖకు దూరంగా పడిన బిందువు ఎవరిదో వారే గుర్తుపట్టి మళ్లీ కొలవడానికి లేస్తారు.