వరాహ‘త’తిభిః? వరాహ‘ప’తిభిః?

కామాక్షి (టూసాన్, అరిజోనా): నిన్న సందెవేళ మా గోడవతలికి జవెలీనాల మంద వచ్చింది, చూడ్డానికి అడవిపందుల్లా ఉంటాయి. మెడ చుట్టూ తెల్లపట్టీ, పిల్లాపాపలతో తొమ్మిదో పదో. నాగజెముడు మట్టల్ని ముళ్లతో సహా నమిలేశాయి. అప్పట్నుంచీ నోట్లో కాళిదాసు శాకుంతలంలోది ఒకటే పాదం ఆడుతోంది: ‘విస్రబ్ధం క్రియతాం వరాహ–తిభిర్ముస్తాక్షతిః పల్వలే’, అంటే అడవిపందులు మడుగులో నిశ్చింతగా తుంగగడ్డలు పెకలించుకోనీ అని. ఆ ఖాళీలో ‘త’నా, ‘ప’నా? పనిలో పని, వీటిని తెలుగులో ఏమనాలి?

మూర్తి: ‘తతి’యే, అంటే మంద. పై పాదాల్లో ‘మహిషాః’ (దున్నలు), ‘మృగకులం’ (జింకల మంద) అంటూ మందల్నే తలిచి, పందుల దగ్గర ఒక్కసారిగా నాయకుల్ని ఎందుకు పిలుస్తాడు?

శర్మ: రెండు పాఠాలూ ఉన్నాయి. మీరు కావ్యప్రకాశం రాసిన ఆలంకారికుడు మమ్మటుణ్ణి మరిచారు. తక్కిన క్రియలన్నీ కర్తరి, ఇదొక్కటీ కర్మణి, ఎత్తుకున్న తీరు మధ్యలో మారిందని ప్రక్రమభంగమనే దోషం పట్టి ‘విశ్రబ్ధా రచయన్తు శూకరవరా ముస్తాక్షతిం’ అని దిద్దాడు కదా. శూకర‘వర’, పందుల్లో మేటి, అన్నాడంటే ఆయన చదివింది ‘పతి’!

మూర్తి: గణం కిట్టడానికి వేసిన ‘వర’ అది. శార్దూల వృత్తానికి తతి అయినా పతి అయినా ఒకటే, తూకం మారదు.

భాను: పెద్దన చదివినవాళ్లకి ఈ గొడవే ఉండదు. ముదురు మగపంది ఒంటరిది, అందుకే ‘ఏకలము’. మనుచరిత్రలో స్వరోచి వేట ఒక్కసారి మళ్లీ చదవండి, వేటకుక్కల అరుపులు వినిపిస్తాయి. అలాంటి సీసం మళ్లీ ఎవరు రాశారు! నా ఓటు పతికే. జవెలీనాకి ‘ఈటెపంది’ అనండి, కోర జవెలిన్‌లా ఉంటుందిగా.

కామాక్షి: కోర నిటారే గానీ పేరు అందుకు రాలేదండీ. స్పానిష్ ‘జబలీ’, దాని వెనక అరబ్బీ ‘జబల్’, కొండ. పైగా ఇవి ఏకలాలు కావు. ఆడా మగా ఏడాది పొడుగునా కలిసే ఉంటాయి. నడుము మీది గ్రంథి వాసన ఒకదానికొకటి రుద్దుకుంటాయి. చూపు మందం, మందని కలిపి ఉంచేది ఆ కంపే. అసలు పందుల కుటుంబమే కాదు, వెనక్కాలికి మూడే వేళ్లు.

మూర్తి: చూశారా, తతి!

శర్మ: అరిజోనా జంతువు కాళిదాసుకి సాక్ష్యమా?

మూర్తి: ముస్తాక్షతికి మాత్రం సాక్ష్యమే. 2023 అక్టోబరులో అరిజోనాలోని సెడోనాలో గోల్ఫ్ పచ్చికంతా దున్నిపోసినవి ఇవే.

భాను: అది తుంగగడ్డల కోసం కాదు, పురుగుల కోసం.

కామాక్షి: ‘కొండపంది’ అందామంటే మన్యంలో మామూలు అడవిపందే అనుకుంటారేమో. పోనీ, తనా పనా?

శర్మ: అది తర్వాత చూద్దాం. మీరు ‘విస్రబ్ధం’ అని దంత్య ‘స’ రాశారేమిటి? తాలవ్య ‘శ’ కదా?

మూర్తి: రెండూ సాధువులే.

శర్మ: ఏ ధాతువు మీద?