నడుస్తున్నప్పుడు ఎవరు పలకరించినా నాన్న ఆగిపోతున్నారు, ఇది భయమేనా?

ప్రశ్న (తెనాలి నుంచి)
షుగర్ వల్ల మా నాన్నకి పోయినేడు కుడికాలు మోకాలి పైన తీసేశారు. పెట్టుడు కాలుతో వరండాలో బాగానే నడుస్తున్నారు కానీ బజారులో ఎవరైనా పలకరిస్తే చాలు, టక్కున ఆగిపోయి, నిలబడే జవాబు చెప్తారు. ఫోన్ మోగినా అంతే. సాయంత్రానికి "ఒళ్లు కాదురా, బుర్ర అలిసిపోయింది" అంటున్నారు. చుట్టాలేమో అదంతా ఉత్త భయం, ధైర్యం చెప్పండి అంటారు, ఆ మాటకి ఆయన ముఖం చిన్నబోతోంది. నిజంగా భయమేనా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్‌ని)
భయం కొంత ఉండొచ్చండి, కానీ అసలు సంగతి వేరు. పాదం నేలకి ఎలా ఆనింది, చీలమండ ఎంత వంగింది అన్నది మామూలుగా నరాలే చెప్తుంటాయి, మనం పట్టించుకోకుండానే అడుగు సర్దుకుంటుంది. మీ నాన్నగారికి ఆ కబురంతా సాకెట్ (పెట్టుడు కాలులో తొడని దూర్చే పై భాగం) లోపల తొడ మీద పడే ఒత్తిడి నుంచే అందాలి. పైగా చాలా మామూలు మెకానికల్ మోకాళ్లు బరువు వేసేసరికి పూర్తిగా చాచుకుని ఉండాలి, లేకపోతే మడతపడి పడిపోతారు. అందుకే ప్రతి అడుగు మీదా ధ్యాస పెట్టాలి, మాట్లాడాలంటే ఆ ధ్యాసలోంచే కొంత తీయాలి.

దీన్ని పరీక్షించడానికి నడుస్తూ 100లోంచి 7 చొప్పున తీసేస్తూ చెప్పమంటారు. నడకైనా నెమ్మదిస్తుంది, లెక్కైనా తప్పుతుంది. రెండు కాళ్లూ ఉన్న వృద్ధుల మీద 1997లో స్వీడన్ పరిశోధకులు చూసినప్పుడు, మాట్లాడటానికి నడక ఆపేసేవాళ్లే తర్వాత ఎక్కువగా పడ్డారని తేలింది. ఆగడం తప్పేం కాదు, కానీ అది పడే ప్రమాదానికి గుర్తు కావొచ్చు కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ధైర్యం చెప్పడం కాదు, ఆయన చేస్తున్న పని ఎంత కష్టమో చుట్టాలకి చెప్పండి.

జవాబు (హైదరాబాద్ నుంచి)
నాదీ మోకాలి పైనే, యాక్సిడెంట్‌లో పోయింది. బ్రదర్, ముందు సాకెట్ చూపించండి. మధ్యాహ్నానికి, తీసేయగా మిగిలిన తొడ భాగం కాస్త సన్నబడి సాకెట్ వదులైతే బుర్రంతా అక్కడే ఉంటుంది, పక్కన ఎవరేం మాట్లాడినా ఎక్కదు. ఆ తొడ భాగానికి ఒక సాక్స్ అదనంగా వేసుకుంటే నాకు చాలా తేడా తెలిసింది. కంప్యూటర్ చిప్ ఉన్న మోకాలు కొన్నాళ్లు వాడి చూశాను, అది తనంతట తనే పట్టు సర్దుకుంటుంది కాబట్టి ధ్యాస తక్కువ పట్టింది, కానీ ఆ ఖరీదు మాలాంటి వాళ్లకి అందదు. గతుకుల రోడ్డు మీద మాత్రం ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడను.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండి. అయితే నడుస్తూ మాట్లాడటం మాన్పించేయాలా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్‌ని)
రోడ్డు మీద మాన్పించండి, ఇంట్లో నేర్పించండి. పొద్దున్నే ఓపిక ఉన్నప్పుడు, గోడ పక్కన, మీరు తోడుండి. ముందు వారాల పేర్లు చెప్పించండి, అది కుదిరాక చిన్న లెక్కలు, తర్వాత చేతిలో ఖాళీ గ్లాసు, ఆపైన నీళ్ల గ్లాసు. తడబడితే వెంటనే ఆపి కూర్చోబెట్టండి. ఇంకొకటి, షుగర్ ఉంది కాబట్టి ఎడమ పాదంలో స్పర్శ ఎలా ఉందో ఈ వారమే డాక్టర్‌కి చూపించండి, అదీ తగ్గి ఉంటే రెండు వైపులా కబురు అందనట్టే, అప్పుడు ఈ సాధన మీ అంతట మీరు మొదలుపెట్టకండి.