జిమ్‌లో ఇపామొరెలిన్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? (బెంగళూరు)

మారతహళ్ళి లిఫ్టర్: ఇది గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ కాదు, మన ఒంట్లో ఉన్నదాన్నే బయటికి తెప్పిస్తుంది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అంటున్నాడు ట్రైనర్. వయసు 34. అమ్మానాన్నలిద్దరికీ షుగర్. అసలిది ఎలా పనిచేస్తుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎండో పీజీ: ఒంట్లోదే వస్తుందన్నది నిజమేనండి. ఆకలేసినప్పుడు కడుపులో ఊరే గ్రెలిన్ (1999లో కనిపెట్టారు) ఏ రిసెప్టర్‌ని (కణం మీద హార్మోన్ అతుక్కునే చోటు) తడుతుందో, ఇదీ దాన్నే తడుతుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తన దగ్గరున్న గ్రోత్ హార్మోన్‌ని ఒక్క విడతలో వదులుతుంది, దాంతో లివర్ ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోన్ తయారుచేస్తుంది. గ్రోత్ హార్మోన్‌ని ఆపే సొమటోస్టాటిన్ అనే హార్మోన్ అడ్డుకట్ట వేస్తుంది కాబట్టి నేరుగా హార్మోన్ పొడిచినంత హద్దు దాటదు. తిన్న వెంటనే తీసుకుంటే గ్లూకోజ్, కొవ్వు ఆమ్లాలు ఆ విడుదలని అణిచేస్తాయి.

ఇదే కోవకి చెందిన జీహెచ్‌ఆర్‌పీ-6తో ఆకలి ఆగదు. జీహెచ్‌ఆర్‌పీ-2, హెక్సారెలిన్ కార్టిసాల్‌నీ (ఒత్తిడి హార్మోన్) ప్రొలాక్టిన్‌నీ (పాలు ఊరించే హార్మోన్) పెంచుతాయి. ఆ విషయంలో ఇపామొరెలిన్ నయం. కానీ గ్రోత్ హార్మోన్ ఏ దారిన పెరిగినా ఇన్సులిన్ పనికి అడ్డొస్తుంది. మీ ఇంట్లో షుగర్ ఉంది, నా భయమంతా దాని గురించే. ఒంట్లో నీరు చేరి ఉంగరం బిగుసుకోవడం, వేళ్ళు తిమ్మిరెక్కడం కూడా ఉంటాయి. క్యాన్సర్ వచ్చినవాళ్ళు అసలు ముట్టుకోకూడదు.

క్యూసీ ల్యాబ్: వయల్ మీద "రీసెర్చ్ కోసం మాత్రమే" అని ఉందా చూడండి. అంటే అది మనుషుల మందుగా తయారైంది కాదు. అమ్మేవాళ్ళు చూపించే 99 శాతం హెచ్‌పీఎల్‌సీ (స్వచ్ఛత కొలిచే ల్యాబ్ పరీక్ష) రిపోర్ట్ పెప్టైడ్ (ఇపామొరెలిన్ లాంటి చిన్న ప్రొటీన్ ముక్క) ఎంత స్వచ్ఛమో చెబుతుంది, అంతే. స్టెరైల్‌గా ఉందా, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) ఉందా అన్నది అందులో తేలదు. చలిజ్వరం తెప్పించేది ఆ ఎండోటాక్సినే.

ఇంకో చిక్కు కలపడంలో. 5 మిల్లీగ్రాముల పొడిలో 2 ఎంఎల్ నీళ్ళు పోస్తే ఇన్సులిన్ సిరంజిపై (యూ-100, అంటే ఎంఎల్‌కి 100 యూనిట్లు) ఒక్కో యూనిట్‌కి 25 మైక్రోగ్రాములు. 1 ఎంఎల్ పోస్తే 50. ఎంత పోశారో రాసిపెట్టకపోతే డోసు రెట్టింపైనా తెలీదు.

మారతహళ్ళి లిఫ్టర్: థాంక్స్ అండి. మరి కండ పెరగడం? టెస్టులు ఏవి చేయించుకోవాలి?

ఎండో పీజీ: ఇదే రిసెప్టర్ మీద పనిచేసే ఎంకే-677 మాత్రని పెద్దవయసువాళ్ళకి రెండేళ్ళు ఇచ్చి చూశారు. కొవ్వు కాని బరువు కాస్త పెరిగింది, బలం పెరగలేదు, ఫాస్టింగ్ షుగర్ మాత్రం పెరిగింది. అమెరికాలో 2017లో అనుమతి వచ్చిన మాసిమొరెలిన్ కూడా హార్మోన్ లోపం ఉందో లేదో తేల్చే పరీక్షకే, కండకి కాదు.

గ్రోత్ హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి ఏదో ఒక వేళ దాన్ని కొలిస్తే డబ్బు దండగ. ఐజీఎఫ్-1, ఫాస్టింగ్ గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చేయించండి. రాత్రి పడుకున్నాక మొదటి గాఢనిద్రలోనే పెద్ద విడత వస్తుంది, నైట్ షిఫ్టులు ఉంటే ముందు అది సరిచేసుకోండి. పోటీలకి వెళ్తుంటే మాత్రం ఈ పెప్టైడ్లన్నీ వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉన్నాయి, నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) శాంపిల్‌లో దొరికితే సస్పెన్షనే.