పారిస్ నుంచి మార్సేయ్‌కు రైలులో: ఒకటిన్నర రోజులో ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

పెన్నాతీరం (నెల్లూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సంస్థ అక్టోబరులో మా నలుగురు స్నేహితురాళ్ళను శిక్షణ కోసం రెండు నెలలు పారిస్‌కు పంపుతోంది. ఒక శుక్రవారం సాయంత్రం పని ముగియగానే రైలెక్కి మధ్యధరా తీరంలోని మార్సేయ్‌కు చేరుకుని, ఆదివారం రాత్రికి తిరిగి రావాలని అనుకుంటున్నాము. మైపాడు అలలు చూస్తూ పెరిగినవాళ్ళం కనుక సముద్రం మాకు కొత్త కాదు గానీ, ఊరి నడిబొడ్డునే రేవు ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. పాత రేవు, కొండమీది నోత్ర్ దామ్ ద లా గార్డ్ చర్చి, షాతో దిఫ్ అనే ద్వీపపు కోట, కలాంక్‌లని పిలిచే సున్నపురాతి కొండల మధ్య నడక, ఈ నాలుగూ కుదురుతాయా? మాలో కందుకూరు అమ్మాయి శాకాహారి. ఆమె ఆ చేపల ఊరిలో ఏమి తింటుంది?

ఒంగోలు బాటసారి

చెల్లెమ్మా, నేను లియోన్‌లో చదువుకున్న రోజుల్లో ఆ ఊరికి చాలాసార్లు వెళ్ళాను. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషనులో తెజెవె (TGV) అనే అతివేగ రైలెక్కితే దాదాపు 750 కిలోమీటర్ల దూరాన ఉన్న మార్సేయ్ సుమారు మూడుంపావు గంటల్లో వస్తుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి చెన్నై చేరడానికి పట్టే సమయం కూడా కాస్త అటూ ఇటూగా అంతే. 2001లో దారిలోని వాలెన్స్ అనే ఊరి నుంచి దక్షిణానికి కొత్త వేగమార్గం తెరిచాక ఇది సాధ్యమైంది. టిక్కెట్ల ధర విమాన టిక్కెట్లలాగా రోజురోజుకూ మారుతుంది కనుక తేదీ ఖాయం కాగానే కొనండి. వీగో (Ouigo) అనే తక్కువ ధర రైళ్ళూ ఉన్నాయి, కానీ వాటిలో చిన్న పెట్టె, చేతిసంచి మించితే అదనంగా చెల్లించాలి. ప్లాట్‌ఫారం సంఖ్యను బయలుదేరడానికి సుమారు 20 నిమిషాల ముందే ప్రకటిస్తారు, రెండు నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు. మన దగ్గర మాదిరిగా కదిలే బండిని పరుగెత్తి పట్టుకోవడం అక్కడ కుదరదు.

దిగే స్టేషను సెంట్ షార్ల్. అది గుట్టమీద ఉంటుంది. దాని ముందరి 104 మెట్లమీద నిలబడితే ఊరంతా, దూరాన కొండమీది చర్చితో సహా కనిపిస్తుంది. రేవుకు మెట్రోలో రెండే స్టేషన్లు. బస మాత్రం రేవు దగ్గరే చూసుకోండి, ఎందుకంటే ఆ ఊరి అందమంతా తెల్లవారుజామున, చీకటి పడ్డాకా అక్కడే ఉంటుంది.

కొత్తపట్నం కెరటం

పై మాటలన్నీ నిజమే గానీ, అసలు నిర్ణయించేది గాలి. రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి దూసుకువచ్చే మిస్త్రాల్ అనే గాలి అక్కడ ఉంది. మనకు గాలి అంటే మబ్బు, వాన, కృష్ణపట్నంలో ఎగరేసే ప్రమాద హెచ్చరిక. అక్కడ ఆకాశం కడిగినట్టు నీలంగా ఉండగానే ద్వీపానికి పడవలు ఆగిపోతాయి. నేను ఎండ చూసి మురిసిపోయి తీరిగ్గా ఆదివారం రేవుకు వెళ్ళి, మూసిన టిక్కెట్ల కిటికీ చూసి వెనుదిరిగాను. కాబట్టి శనివారం గాలి అనుకూలిస్తే ముందు పడవ ఎక్కండి, ఇరవై నిమిషాల ప్రయాణమే. చర్చిని గాలిలోనైనా చూడవచ్చు, 60వ నంబరు బస్సు పైదాకా వెళ్తుంది. కలాంక్‌లను ఈసారికి వదిలేయండి. ఊరి చివరి లూమినీ వరకు బస్సు, ఆపై ముప్పావు గంటకు పైగా నడక, మళ్ళీ అంతే వెనక్కి, సగం రోజు అక్కడే పోతుంది.

ఇక తిండి సంగతి. ఉదయం పాత రేవు గట్టున చిన్న పడవలవాళ్ళు తెచ్చిన చేపలను అక్కడే అమ్ముతారు. బేరం చూడటానికైనా వెళ్ళండి. అక్కడి బుయ్యాబెస్ కుంకుమపువ్వు, సోంపు వాసనలతో కాచే చేపల పులుసు. ముందు పులుసును రొట్టెతో ఇచ్చి, చేపలను విడిగా వడ్డిస్తారు. సరైన చోట ఒక్కరికి 60 యూరోలు దాటుతుంది, తక్కువకు దొరికితే అనుమానించండి. చింతపండూ మామిడికాయా లేని పులుసును మన నెల్లూరు నాలుక ఒప్పుకోదు గానీ, పోలికలు మాని తింటే బాగుంటుంది. శాకాహారి అమ్మాయికి పానిస్ ఉంది: శనగపిండిని ఉడికించి, గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. మన బజ్జీకి దూరపు చుట్టమన్నమాట. ఏ నూనెలో వేయించారో మాత్రం అడగమనండి.

రిటైర్డ్ మాస్టారు (కావలి)

అమ్మాయ్, ఆ రేవుతో మన దేశానికి చాలా సంబంధం ఉంది. 1910 జూలై 8న సావర్కర్ బందీగా ఉన్న మోరియా ఓడ కిటికీ నుంచి దూకి ఈదుకుంటూ గట్టెక్కింది మార్సేయ్‌లోనే. ఫ్రెంచి పోలీసులు ఆయనను తిరిగి బ్రిటిష్‌వాళ్ళకు అప్పగించడంతో ఆ వివాదం హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం వరకు వెళ్ళింది. 1914 సెప్టెంబరులో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన భారతీయ సైనికులు ఫ్రాన్సులో దిగింది కూడా అక్కడే. ఆ ఊళ్ళోనే ఉన్న మజార్గ్ సైనిక శ్మశానంలో మనవాళ్ళ సమాధులున్నాయి. ఆదివారం ఉదయం గంటసేపు అక్కడికి వెళ్ళడం, నా దృష్టిలో, కోటను చూడటం కంటే మేలు.

పెన్నాతీరం

మాస్టారూ, అన్నలూ, ధన్యవాదాలు. శనివారం గాలి చూసుకుని ద్వీపం, సాయంత్రం చర్చి. ఆదివారం ఉదయం చేపల గట్టు, ఆపై మజార్గ్ అని నిర్ణయించుకున్నాము. కలాంక్‌లు వదిలేసినందుకు ఒకరు అలిగారు. కందుకూరు అమ్మాయి మాత్రం పానిస్‌లోకి అల్లప్పచ్చడి సీసా ఇప్పుడే సర్దుకుంది.